వయస్సు మీఱిన పిదప ఈత నేర్చుట
(మహాసభ రెండవనాటి యుదయమున చదివిన ఉపన్యాసము)



ఈ మహాసభలో విద్యావిషయమునుగూర్చి యేదైన ముచ్చటింపుమని కార్యదర్శిగారు మాకు జాబు వ్రాసిరి. ముప్పదియాఱు వత్సరములు పాఠశాలలో సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతి గొన్నవారము గనుక మేము శబ్దమునుగూర్చియో సమాసమునుగూర్చియో మాటలాడుదుమని వారు తలంచియుందురు. మేము మాటలాడబోవునది ఈతనుగూర్చి. అదియు పిల్లలకు నేర్పుటనుగూర్చి కాదు. తల నెఱసినవారు, సంసారభారము మోయుచున్నవారు, ఇన్నాళ్లు మోకాటిలోతు నీటికన్న ముందునకు పోనివారు కొత్తగా నేర్చుకొనుటనుగూర్చి. తుదకు సభవారి యెదుట నొక తీర్మాన ముంచెదము. అది ధనముతో గూడిన తీర్మానము, కావున పోషకమహాశయులు కొంచెము మెలకువతో నుందురుగాక!

ముందుగా మాటలనుగూర్చి నాలుగు మాటలు చెప్పనిండు. అలవాటు పోదు. మన విద్యాపరిభాషలో సగము నీటినుండి పుట్టినది. ఒక విషయమును చక్కగా గ్రహించుటను అవగాహన మందుము. అవగాహన మనగా మునుగుట. శాస్త్రమున నాఱితేఱినవాడు నిష్ణాతుడు, అనగా లోతుగ మునిగి స్నానము చేసినవాడు. గురుకులవాసము ముగించినవాడు స్నాతకుడు. ఒక గురువునొద్ద చదివినవారు సతీర్థ్యులు. తీర్థ మనగా నీటిలోనికి దిగు రేవు. విద్యలో తుదముట్టినవాడు పారంగతుడు, ఆవలిగట్టు చేరినవాడు. పరీక్షలో గెలిచినవాడు ఉత్తీర్ణుడు, దాటినవాడు. మేము ఇన్నియేండ్లు ఎందఱనో బాలురను ఉత్తీర్ణులను గావించితిమి; వారిలో నిండుకాలువ నీదగలవారిని చేతివ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఇక ‘ప్లు’ ధాతువునకు తేలుట, దుముకుట అని రెండర్థములును గలవు. అందుచేతనే ప్లవగశబ్దము కప్పకును కోతికినిగూడ చెల్లినది. ఈతకొలనులో మా తొలిదినముల చేష్టలను జూచినవారు ఈ నానార్థమును నిఘంటువు విప్పకయే గ్రహించియుందురు.

పడవవానికిని పండితునికిని జరిగిన సంవాదపు కథ మీ రందఱును విన్నదే. వ్యాకరణము రానివాని బ్రదుకు పావువంతు వ్యర్థమనియు, తర్కము రానివాని బ్రదుకు సగము వ్యర్థమనియు పండితుడు చెప్పుచుండగా గాలివాన వచ్చినది. ఈత రాని పండితుని బ్రదుకు మొత్తముగ పోయెనని పడవవా డనెను. కథ చెప్పువా రంతటితో నాపుదురు, వినువారు నవ్వుదురు. పడవవాడు దరిజేర్చి యుండిన పక్షమున ఆ పండితుడు మఱునాడు ఏమి చేసెనని యెవ్వరు నడుగరు. మా యుపన్యాసము ఆ కథకు ఉత్తరభాగ మనుకొనుడు.

ఈ విద్య యేల యను ప్రశ్నకు లెక్కలే సమాధానము. 2021వ సంవత్సరమున లోకమంతట సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచారోగ్యసంస్థవారు ప్రకటించిరి. మనదేశమున 2022వ సంవత్సరమున నిట్టి మరణములు 38 వేలకు మించినట్లు ప్రభుత్వపు పట్టికలు చెప్పుచున్నవి. ఆ సంఖ్యలలో మన చెఱువులు, మన కాలువలు, మన నిమజ్జనములు, మన కార్తికస్నానములు అన్నియు నున్నవి. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరువద్ద గోదావరిలో మునిగినప్పుడు తెలుగునాట రెండు రాష్ట్రములలోను ఎన్నియిండ్లలో దీపము లాఱినవో మీ రెఱుగుదురు.

అయితే ఈత తెలిసిన చాలు, నీటిభయము లేదని మేము చెప్పుట లేదు. 2014 జూన్ 8వ తేదీన హిమాచలప్రదేశమున బియాస్ నదిలో హైదరాబాదునుండి విహారయాత్రకు పోయిన విద్యార్థులు 24 గురు కొట్టుకొనిపోయిరి. ఎగువ నానకట్టనుండి విడిచిన నీ రొక్కసారిగ వచ్చి వారిని ముంచెను. అట్టి ప్రవాహమున ఎట్టి ఈతగాడును నిలువలేడు. అక్కడ కావలసినది హెచ్చరిక, ఈత కాదు. నిలువనీటిలో, నెమ్మదిగ పాఱు కాలువలో, గట్టు పదిబారల దూరమున నుండగా మునిగిపోవువారిని గూర్చియే మేము చెప్పుచున్నాము. వారి సంఖ్య తక్కువ కాదు.

ఈ ప్రస్తావన మొదట మా తాలూకా సంఘములో తెచ్చినప్పుడు రెండాక్షేపణలు వచ్చినవి. రెంటిని దాచక చెప్పెదము. మొదటిది శాస్త్రమునుబట్టి వచ్చినది. బాహువులతో నదిని దాటరాదని మనుస్మృతిలో స్నాతకుని నియమములలో నున్నది గదా యని పెద్ద లొకరు సెలవిచ్చిరి. ఉన్నమాట నిజము. ఆపస్తంబధర్మసూత్రములోను ఉన్నది. కాని ఆపస్తంబుడు ఆ ప్రక్కనే సందేహాస్పదమైన నావ నెక్కరాదనియు చెప్పినాడు. మనవారు మొదటి నిషేధమును భక్తితో పాటించి, రెండవదానిని ప్రతి పుష్కరమునకును మీఱుచున్నారు. ఇరువదిమంది పట్టు పడవలో నలువదిమంది యెక్కి నదినడుమ ఛాయాచిత్రములు తీసికొనుచుందురు. ఈ నిషేధముల తాత్పర్య మొక్కటియే: నిష్కారణముగ ప్రాణమును పణముగ నొడ్డకుము. పందెమునకై నిండునదిలో దుముకువానికి అది వర్తించును. ప్రాణరక్షణకై నడుములోతు నీటిలో అభ్యాసము చేయువానికి వర్తింపదు. మేము సంస్కృతము చదివినది శాస్త్రమును అడ్డముగ నిలుపుటకు కాదు. పెద్దలు క్షమింతురుగాక.

రెండవ యాక్షేపణ నోటితో చెప్పిన దానికన్న మొగముతో చెప్పినది. ‘అది పల్లెకారుల విద్య, మన కులమువారి కేల?’ అని. దీనికి మేము మర్యాదగ సమాధానము చెప్పజాలము. నీటితో వృత్తిసంబంధము లేనికులము మనది. అందువలననే మన కీ విద్య రాలేదు, అందువలననే మనము నేర్చుకొనవలయును. ఎవ్వరికి వచ్చునో వారే గురువులు. వ్యాకరణము వ్యాకర్తయొద్ద, ఈత ఈదువానియొద్ద. మాకు ఈత నేర్పినవాడు మత్స్యకారకుటుంబమున పుట్టిన యిరువదియాఱేండ్ల యువకుడు. మేము వానిని గురువుగనే యెంచుచున్నాము, గురుపూర్ణిమనాడు తాంబూలమును బట్టలును పంపుచున్నాము.

ఇక నేర్చుకొన్న విధము. ఇది కొంచెము విస్తరముగ చెప్పక తప్పదు. ఏలయన, పెద్దవయస్సున నేర్వబోవువానికి అడ్డుపడునది శరీరము కాదు, ఏమి జరుగునో తెలియకపోవుట.

మాకు అఱువదిరెండవయేడు నడచుచుండెను. మా మనుమరాలు వేసవిసెలవులలో పురపాలకసంఘమువారి ఈతకొలనునకు పోవుచుండగా తువ్వాలును సంచిని కాచుకొని గట్టుపై కూర్చుండుట మా యుద్యోగము. ఒకనా డా పిల్ల నీటినుండి తల పైకెత్తి, ‘తాతయ్యా, నువ్వు ఎందుకు దిగవు?’ అని యడిగినది. సమాధానము తోచలేదు. మఱునాడు వైద్యునివద్దకు పోయి గుండెను రక్తపుపోటును పరీక్ష చేయించుకొని, ఆయన సరే యనినపిదప దిగితిమి. ఈ వరుసను తప్పవలదు. నలువదియేండ్లు దాటినవారు ముందు వైద్యుని జూచి, పిమ్మట నీటిని చూడవలయును.

మా గురువు మొదటిదినమున మమ్ములను రొమ్ములోతు నీటిలో నిలిపి, గట్టున నున్న ఇనుపకమ్మిని పట్టుకొమ్మనెను. ‘మాస్టారూ! చేతులూ కాళ్లూ తరువాత. ముందు మొహం నీళ్లలో పెట్టి ఊపిరి వదలండి’ అనెను. ఇంతేగదా యనుకొంటిమి. మొగము నీటిలో ముంచగానే శ్వాస బిగిసెను, కన్నులు మూసికొనిపోయెను, మెడ దానంతటది పైకి లేచెను. ఈ ఒక్క పనికి మాకు నాలుగుదినములు పట్టినది. పిల్లలకు దీనికి నాలుగు నిమిషములు చాలును.

కారణము పిదప తెలిసినది. శ్వాసను బిగబట్టినప్పుడు కలుగు ఉక్కిరిబిక్కిరి ప్రాణవాయువు చాలక కలుగునది కాదు. దేహమున బొగ్గుపులుసుగాలి పేరుకొనుటచేత కలుగునది. దానిని నీటిలోనే ముక్కుతోను నోటితోను బుడగలుగ విడిచివేసినయెడల ఉక్కిరి తగ్గును, తల పైకి వచ్చినప్పుడు క్రొత్తగాలి తీసికొనుట సులభమగును. నీటిలో శ్వాస విడువనివాడు పైకి వచ్చి మొదట విడువవలయును, తరువాత పీల్చవలయును. అంతకాలము నోరు నీటిపై నుండదు. ప్రాణాయామము తెలిసినవారికి ఒక్క వాక్యములో చెప్పెదము: ఈతలో కుంభకము కొంచెము, పూరకము త్వరితము, రేచకమే ప్రధానము. ఇన్నేండ్లు యోగశాస్త్రమున చదివిన మూడు మాటలకు మేము నీటిలో వ్యాఖ్యానము వ్రాసికొంటిమి.

తరువాతిది తేలుట. చేతులు ముందునకు చాచి, మొగము నీటిలో నుంచి, కాళ్లను నేలనుండి విడువవలయును. మాటకు సులభమే. ఆఱుపదులేండ్లు నేలను నమ్మిన పాదము నేలను విడువదు. ఇక్కడ మా గురువు చేసిన పని మిక్కిలి తెలివైనది. తేలుటకు ముందు మరల నిలుచుటను నేర్పెను. మోకాళ్లను రొమ్మువైపు ముడుచుకొని, అఱచేతులతో నీటిని క్రిందికి నొక్కి, తల నెత్తినయెడల పాదములు వానంతటవి నేలకు చేరును. ఈ నిలుచుట వచ్చినపిదప మాకు సగము భయము పోయెను. కావలసినప్పుడు లేవగలననువాడే పడుటకు ఒప్పుకొనును. పెద్దవారికి నేర్పువా రెవ్వరైనను ఈ క్రమమును మఱువరాదు.

తేలితిమి, కాని కాళ్లు మునిగినవి. మాది బక్కదేహము; బొద్దువారు మాకన్న చక్కగ తేలుదురు, వారి కిది యొక యూఱట. గుండెనిండ గాలి పీల్చిన మనుష్యుడు సాధారణముగ నీటికన్న రవంత తేలిక. ఆ రవంతయే మన పెట్టుబడి. తల బరువు ఇంచుమించు 5 కిలోలు. దానిని నీటిపైకెత్తినచో ఆ బరువును మోయుటకు క్రింద కాళ్లు మునిగి తీఱవలయును. మునిగిపోవుదునన్న భయముచేత మనుష్యుడు తల పైకెత్తును. తల పైకెత్తుటచేతనే మునుగును. భయము తన్ను తానే నిజము చేసికొను పద్ధతి ఇది. తర్కశాస్త్రమున ఇంతకన్న చక్కని అన్యోన్యాశ్రయము మాకు దొరకలేదు. చూపును కొలను నేలవైపు త్రిప్పి, మెడను వదులుగ నుంచినంతనే కాళ్లు లేచినవి.

పిదప కాళ్ల యాట. పిల్లలు తుంటినుండి కాలు కదలింతురు. పెద్దవారు మోకాలివద్ద మడిచి సైకిలు త్రొక్కుదురు, ఎంత త్రొక్కినను కదలరు. కొందఱు వెనుకకుగూడ పోవుదురు. మేము రెండుదినములు వెనుకకే పోతిమి. పిల్లలు నవ్విరి. నవ్వనిండు. ఆ వయస్సువారి నవ్వులో విషము లేదు. మొగము ప్రక్కకు త్రిప్పి గాలి పీల్చుటయే అన్నిటికన్న కష్టము. మెడ నొక్కదానిని త్రిప్పరాదు, దేహమంతయు రవంత దొర్లవలయును, ఒక చెవి నీటిలోనే యుండవలయును. మేము కొలనునీటిని చాల త్రాగితిమి. ముప్పదియొకటవ దినమున కొలను అడ్డమున ఇరువదియైదు మీటర్లు ఆగక ఈదితిమి. ఆ దినమున మేము ఇంటికి నడచివచ్చిన నడక మా ధర్మపత్ని యెఱుగును.

అయిన నది యింకను సాహసము కాదు. కాలికి నేల యందునని యెఱిగి యీదినది అది. సాహసము మఱి పదిదినములకు వచ్చినది. కొలను రెండవకొన పదియడుగుల లోతు. మూడడుగుల నీరు దేహము నెంత మోయునో పదియడుగుల నీరును అంతయే మోయునని మాకు తెలియును; అర్కిమీడిసు చెప్పినది బాలురకు మేమే చదివి వినిపించియుంటిమి. గట్టుపై నిలిచి క్రిందికి చూడగా ఆ తెలివి యెక్కడికో పోయెను. వెనుక పిల్లలు వరుస కట్టియుండిరి. గురువు చేత వెదురుగడ పట్టుకొని ప్రక్కన నిలిచి, ‘మాస్టారూ, తొందర లేదు’ అనెను. త్రోయలేదు. ఈ త్రోయకపోవుటను మేము ప్రత్యేకముగ మెచ్చుకొనుచున్నాము. పూర్వము మన పల్లెలలో నడుమునకు త్రాడు కట్టియో, వీపున ఎండిన సొరకాయబుఱ్ఱలు కట్టియో బావిలోనికి త్రోసి నేర్పెడివారు. పిల్లవానికి అది యొక విధముగ పనిచేసినను, పెద్దవానిని త్రోసిన యెడల వా డీత నేర్వడు, నీటివంకకే మరల రాడు.

దుమికితిమి. చెవులు మూసికొనిపోయినవి. పచ్చని వెలుగు, తెల్లని బుడగలు. పాదములు నేలను తాకలేదు. ఏమియు చేయకుండగనే నీరు మమ్ములను పైకి తెచ్చెను. ఆ పైకి తెచ్చుటను మేము చేయలేదు, నీరు చేసినది. ఈ యొక్క సంగతిని చెప్పుటకే మేమింతదూరము వచ్చితిమి. పైకి వచ్చి, గట్టు పట్టుకొని, మరల వరుసలో నిలిచితిమి. ఆ యుదయమున ఏడుమార్లు దుమికితిమి.

మేము అనుభవమున తెలిసికొన్న యీ సంగతిని అమెరికాదేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పండితుడు రెండున్నర శతాబ్దులకు ముందే యొక మిత్రునికి జాబులో వ్రాసియున్నాడు. ఆ మిత్రుడు పెద్దవాడు, ఈత రానివాడు, ఇక రాదని నిరాశ చెందినవాడు. ఫ్రాంక్లిన్ చెప్పిన యుపాయ మిది: క్రమముగ లోతగు చోట రొమ్ములోతువఱకు నడచిపోయి, గట్టువైపు తిరిగి నిలిచి, గట్టునకును నీకును నడుమ నీటిలో నొక కోడిగ్రుడ్డును వేయుము. కన్నులు తెఱచి, మునిగి, దానిని తీయుటకు ప్రయత్నింపుము. నీవు ఎంత మునుగగోరినను నీరు నిన్ను పైకి నెట్టుచుండుటను అప్పుడు గ్రహింతువు. మునుగుట సులభము, తేలుట కష్టమని తలంచువానికి మునుగుటయే కష్టమని చూపిన యీ యుపాయము అద్భుతము. నీరు గట్టువైపున తక్కువలోతు గనుక అపాయమును లేదు. మన పెద్దలలో గ్రుడ్డును ముట్టనివా రుందురు. మేము తళతళలాడు పదిరూపాయల బిళ్లను వాడితిమి. ఫ్రాంక్లిన్ యౌవనమున లండనునగరమున అచ్చుకూటమున పనిచేయుచు ఇరువురు స్నేహితులకు రెండేమార్లు నీటిలో దిగి ఈత నేర్పినానని స్వీయచరిత్రమున చెప్పుకొన్నాడు. రెండుమార్లలో నేర్చిన ఆ పుణ్యాత్ములకు మా నమస్కారము.

పెద్దయైనపిదప నేర్చి యెంతదూరము పోవచ్చునో యనువారికి మిహిర్ సేనుని పేరు చెప్పెదము. పురులియాలో 1930లో పుట్టిన వంగీయుడు. న్యాయశాస్త్రము చదువుటకు 1950లో ఇంగ్లండునకు పోయెను. ఆంగ్లజలసంధిని ఈదిన అమెరికా వనిత ఫ్లారెన్సు చాడ్విక్ వార్తను చదివి తానును ఈదవలయునని సంకల్పించెను. అప్పటికి ఆయనకు చెప్పుకొనదగిన ఈత రాదు. అచ్చటి వై.ఎం.సి.ఎ. కొలనులో ముందునకు చేతులు వేయు ఈతను మొదటినుండి నేర్చుకొనెను. పలుమార్లు ప్రయత్నించి విఫలుడై, 1958 సెప్టెంబరు 27వ తేదీన 14 గంటల 45 నిమిషములలో దాటెను. ఆ జలసంధిని దాటిన తొలి భారతీయు డాయన. 1966వ సంవత్సర మొక్కదానిలోనే పాక్ జలసంధి, జిబ్రాల్టరు, దార్దనెల్సు, బాస్ఫరసు, పనామా కాలువ, అయిదింటిని ఈదెను. మనలో నెవ్వరును జలసంధులు దాటనక్కఱలేదు. వృత్తికి న్యాయవాది, వయస్సునకు పెద్దవాడు, నీటికి కొత్తవాడు అను మూడును ఒక్కనియందే యుండవచ్చునని తెలియుటకే చెప్పితిమి.

వచ్చిన యీతను గూర్చి గర్వించువారికి వేఱొక పేరు. 1875 ఆగస్టులో ఆంగ్లజలసంధిని తొలిసారి ఈదిన మాథ్యూ వెబ్ అను నావికుడు 1883లో నయాగరా జలపాతపు దిగువ సుడులలో పందెమునకై దిగి మరణించెను. ఇతనినే ఆపస్తంబుడు వలదనినది.

ఇంకొక సంగతి మాత్రము అందఱును, ఈత వచ్చినవారును రానివారును, గట్టిగ జ్ఞాపకముంచుకొనవలయును. మునుగుచున్నవాడు నాటకములలోవలె కేకలు వేయడు. ఊపిరికే చాలని నోరు కేక కెట్లు చాలును? నిశ్శబ్దముగ, తల వెనుకకు వాల్చి, చేతులతో నీటిని క్రిందికి నొక్కుచు నుండును. వానిని రక్షింపబోయి దుమికినవారు వాని కౌగిలిలో చిక్కి మునుగుట మన పల్లెలలో తఱచు జరుగుచున్నది. ఒకే యింట ఇద్దఱు ముగ్గురు పోవుటకు కారణ మిదియే. కావున మొదట గట్టునుండియే వెదురుగడ యందింపవలయును, లేదా పంచెయో త్రాడో విసరవలయును. 2020లో తమిళనాట పెరంబలూరు జిల్లా కొట్టరై జలాశయమున నలుగురు యువకులు మునుగుచుండగా బట్టలుతుకుచున్న స్త్రీలు ముగ్గురు తాము కట్టుకొన్న చీరలను విప్పి విసరి ఇద్దఱను బయటికి లాగిరి. ఆ ప్రభుత్వము వారిని సత్కరించినది. ఆ తల్లుల వివేకము మన గ్రామములలో ప్రతి చాకిరేవునందును చెప్పదగిన పాఠము.

స్త్రీల ప్రసక్తి వచ్చినది గనుక చెప్పుచున్నాము. మన యిండ్లలో నీటిరేవునకు పురుషులకన్న నెక్కువగ పోవువారు స్త్రీలు, ఈతకొలనునకు పోనివారును స్త్రీలే. ఈ విపరీతమును మేము సమర్థింపలేము. సిగ్గు, వస్త్రము, జనులు చూతురను శంక, వీనికి ఉపాయ మున్నది. వేఱుసమయము, స్త్రీ గురువు, ఒంటినిండ కప్పు ఈతదుస్తులు. ఇవి నేడు పట్టణములలో దొరకుచున్నవి. మా ధర్మపత్ని గతసంవత్సరము దిగినది. ఆమె మాకన్న త్వరగ తేలినది. కారణము పైని చెప్పితిమి గనుక మరల చెప్పము.

తీర్మానము. 2015 తరువాత పండ్రెండేండ్లకు, 2027లో గోదావరికి పుష్కరములు. మన సంఘమువారు వేలకొలది రేవులకు పోవుదురు. అంతకుముందే ప్రతి వేసవిని జిల్లాకొక శిక్షణ నడుపవలయును. ఇరువదిమంది చొప్పున, నెలదినములు, నడివయస్సు దాటినవారికే మొదటి యవకాశము. పిల్లలకు వారి పాఠశాలలు చూచుకొనును. స్త్రీలకు వేఱుగ. కొలను అద్దెయు, గురువునకు జీతమును సంఘనిధినుండి యీయవలయును. గురువు ఏ కులమువాడైనను సరే, మహాసభలో వేదికపై కూర్చుండబెట్టి, పండితులకు కప్పు శాలువనే కప్పవలయును. దీనితోబాటు మన సత్రములున్న ప్రతి రేవునందును ఒక పొడుగాటి వెదురుగడయు, మోకును, గాలిచక్రమును వ్రేలాడదీయించి, దొంగలు కొనిపోయినచో మరల వ్రేలాడదీయింపవలయును.

ధన మెక్కడిదని కోశాధికారిగారు మాకు కనుసైగ చేయుచున్నారు. ఈ ప్రాంగణమునకు వచ్చుత్రోవలో మేము స్వాగతద్వారములను పదునాల్గింటిని లెక్కించితిమి. ప్రతిదానిపైని ఒక్కొక పోషకుని చిత్రపట మున్నది. వచ్చుసంవత్సరము ఏడు ద్వారములు చాలునని పోషకులు దయచేసి యొప్పుకొందురేని రెండుజిల్లాల శిక్షణకు సరిపోవును. ఆ శిక్షణకు వారి పేళ్లే పెట్టుదము, ద్వారము మూడుదినములలో ఊడదీయబడును గదా.

ఈ తీర్మానమును మేము రేపు విషయనిర్ణయసభలో వ్రాతమూలముగ ప్రవేశపెట్టెదము. బలపఱచుటకు మా తాలూకానుండి ఇరువురు సిద్ధముగ నున్నారు. ఆక్షేపింపదలచినవారు అచ్చటనే ఆక్షేపింతురుగాక, సమాధానము చెప్పెదము. ఈలోగా నేర్చుకొనగోరువారు తమ పేరు, వయస్సు, వైద్యుని యభిప్రాయము వ్రాసి, భోజనశాలద్వారమువద్ద బల్లమీద నున్న పుస్తకమున చేర్పవచ్చును. నిన్నటి సాయంకాలమునకు పదునొకండుగురు వ్రాసియుండిరి. అందు డెబ్బదియొకటవయేట నున్నవా రొకరు. ఆయన వయస్సు ప్రక్కన, నీరు చల్లగ నుండునా యని ప్రశ్న వ్రాసిరి. మొదటి నిమిషము మాత్రము చల్లగ నుండును.